సాయం కోరే పోస్టు: చూసి రావడం మొదలు లెక్క మూసేదాకా

కర్నూలు సర్వజన ఆసుపత్రి గేటు దగ్గర కాసేపు నిలబడితే మన గ్రూపుల్లోకి వచ్చే పోస్టులు ఎక్కడ పుడతాయో తెలుస్తుంది. ఆదోని, ఆలూరు, నంద్యాల వైపు నుంచే కాదు, అనంతపురం నుంచీ, తుంగభద్ర అవతల గద్వాల, రాయచూరు వైపు నుంచీ కూడా రోగుల్ని ఇక్కడికి తెస్తుంటారు. వెంట వచ్చిన తమ్ముడో మేనల్లుడో ఫోన్లో నాలుగు లైన్లు కొట్టి, మంచం మీది మనిషి ఫొటో జతచేసి ఊరి గ్రూపులో పెడతాడు. అది పదో తరగతి బ్యాచ్ గ్రూపుకు, అక్కడి నుంచి కులసంఘం గ్రూపుకు, బెంగళూరులో ఉద్యోగాలు చేసే మనవాళ్ల గ్రూపుకు పోతుంది. సాయంత్రానికి వందల మంది చూసుంటారు. డబ్బు వేసేది మాత్రం ఏ పదిమందో.

మిగతావాళ్లంతా పిసినారులేం కాదు. "ఇది నిజమేనా? ఎవరన్నా పోయి చూసొచ్చినారా?" అన్న అనుమానం దగ్గర చెయ్యి ఆగిపోతుంది. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి వేల మందికి గంజి పోయించినప్పుడు ఈ చిక్కే లేదు. ఆకలితో వచ్చినవాడు ఎదురుగా కూర్చున్నాడు, గంజి వాడి దొప్పలోనే పడింది. ఫోన్లో అడిగేవాడూ కనపడడు, డబ్బు ఎవరి చేతికి చేరిందో కూడా కనపడదు. ఆ రెండు చివర్లనూ చూసి వచ్చే మనిషి కావాలి.

అందుకే, నా లెక్కలో పోస్టు రాయడం అన్నిటికంటే చిన్న పని. ముందు పోయి చూడటం, ఆఖర్న లెక్క చెప్పి మూసేయడం పెద్ద పనులు. మీరు గ్రూపు అడ్మిన్ అయినా, పక్కింటివాళ్ల కోసం మొదటిసారి ఒక పోస్టు పెడుతున్నా, ఈ వరసలో పోతే చిక్కులు తగ్గుతాయి.

ఒకటి: ఒకరు పోయి చూసి రావాలి

పోస్టు ఎంత దగ్గరివాళ్లు పంపినా సరే, గ్రూపులోంచి ఒకరు ఆసుపత్రికి పోవాలి. ఇద్దరైతే ఇంకా మంచిది, రేపు ఎవరన్నా అడిగితే ఒక్కరి మాట మీద నిలబడనక్కర్లేదు. రోగి హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటే అక్కడున్న మనవాళ్లను పంపండి. అరగంట పని అది, చేసేవాళ్లు ఏ గ్రూపులోనైనా ఒకరుంటారు.

చూడాల్సినవి ఎక్కువేం లేవు. రోగి పేరు, ఊరు, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు, ఏ వార్డు, ఏ డాక్టరు యూనిట్. సర్కారు ఆసుపత్రిలో కేస్ షీటు పై పేజీ చూస్తే ఇవన్నీ ఉంటాయి. ప్రైవేటు ఆసుపత్రి అయితే లెటర్‌హెడ్ మీద సీలు, సంతకంతో ఎస్టిమేషన్ ఇప్పించుకోమనాలి. ఎవరో వాట్సాప్‌లో పంపిన ఎస్టిమేషన్ ఫొటోను నమ్మి ఊరుకోవద్దు. అందులో ఉన్న ఫోన్ నంబరును అసలే నమ్మొద్దు. ఆసుపత్రి బోర్డు మీదున్న నంబరుకు చేసి, ఫలానా ఐపీ నంబరు రోగికి బిల్లు నేరుగా కట్టాలంటే ఎట్లా అని బిల్లింగ్ కౌంటర్‌ను అడగండి. రోగం గురించి వాళ్లు చెప్పరు, చెప్పకూడదు కూడా. అట్లాంటి రోగి ఉన్నదీ లేనిదీ, డబ్బు కట్టే పద్ధతీ ఆ ఒక్క ఫోన్‌తో తేలిపోతాయి.

అడిగే తీరు ఒకటుంది. మంచం పక్కన నిలబడి పోలీసు విచారణ చేసినట్టు చేస్తే రోగి కుమిలిపోతాడు. వెంట ఉన్నవాళ్లను "రా అన్నా, టీ తాగుదాం" అని బయటికి పిల్చుకొని పోండి. ఇంతవరకు ఎంత ఖర్చయింది, ఎంత అప్పు తెచ్చినారు, ఇంటికాడ పిల్లల్ని ఎవరు చూసుకుంటున్నారు అని మాటల్లో అడగండి. ఆఖర్న ఒకటి తప్పకుండా అడగాలి: "ఇంకేదన్నా గ్రూపులో పెట్టినారా?" పెట్టి ఉంటే తప్పేం కాదు. కానీ అక్కడ వచ్చింది తీసేసి, మిగతాదే మనం అడగాలి. ఈ ప్రశ్న వేయక, ఒకే రోగి కోసం మూడు గ్రూపులు మూడు సార్లు పూర్తి మొత్తం వసూలు చేస్తుంటాయి. తర్వాత ఎప్పుడో అది బయటపడితే ఆ కుటుంబానికే మోసగాళ్లన్న పేరు వస్తుంది, పాపం.

రెండు: సర్కారు దారి ఉందా చూడండి

చాలా పోస్టులు అసలు అవసరమే లేనివి. బియ్యం కార్డున్న కుటుంబానికి ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఉచితంగా జరిగే ఆపరేషన్‌కు గ్రూపులో రెండు లక్షలు అడుగుతుంటారు. మోసమని కాదు, వాళ్లకు తెలియక. పథకం కింద ఉన్న ప్రతి ఆసుపత్రిలో దాని పని చూసే వైద్యమిత్ర కూర్చుంటారు. జనం ఇంకా ఆరోగ్యమిత్ర అనే అంటారు, ఆరోగ్యశ్రీ అన్న పాత పేరు అంత పాతుకుపోయింది. కార్డు, ఆధార్ పట్టుకొని ముందు ఆయన దగ్గరికి పంపండి. ఈ జబ్బు పథకంలో ఉందా, ఈ ఆసుపత్రిలో లేకపోతే ఏ ఆసుపత్రిలో ఉంది, ఈ రెండూ అడగాలి. 104కు ఫోన్ చేసినా చెబుతారు.

గుండె లాంటి పెద్ద ఆపరేషన్లకు పుట్టపర్తి సత్యసాయి ఆసుపత్రిని మర్చిపోవద్దు. 1991 నుంచి అక్కడ డబ్బు తీసుకోకుండానే చేస్తున్నారు. అనంతపురం వైపు వాళ్లకు విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన ఆర్డీటీ సంస్థవారి బత్తలపల్లి ఆసుపత్రి ఎట్లాగూ తెలిసిందే.

పథకంలో రాని జబ్బైతే ముఖ్యమంత్రి సహాయ నిధి ఉంది. దరఖాస్తు సాధారణంగా ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా పోతుంది. దానికి ఒరిజినల్ బిల్లులు కావాలి. కాబట్టి లెక్క కోసమని గ్రూపువాళ్లు కుటుంబం దగ్గర ఒరిజినల్స్ తీసుకోకూడదు, ఫొటో తీసుకొని అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయాలి. బిల్లు ఒక్కటి పోయినా ఆ మేరకు సాయం పోయినట్టే.

ఇదంతా అయ్యాక మిగిలేది తరచుగా ఆపరేషన్ ఖర్చు కాదు. మనిషి మంచాన పడిన నెలల్లో ఇల్లు గడవడం, వెంట ఉన్నవాళ్ల తిండి, చార్జీలు, బయట కొనమని రాసిచ్చిన మందులు. ఏ పథకమూ పెద్దగా పట్టించుకోని ఖర్చులివి. ఊరివాళ్లు, స్నేహితులు కలిసి చేయగలిగింది సరిగ్గా ఇక్కడే ఉంది. లక్షలు అడిగి పదివేలు తెచ్చుకోవడం కంటే ముప్పైవేలు అడిగి ముప్పైవేలూ తేవడం కుటుంబానికి మేలు.

మూడు: ఎంత, ఎప్పటిదాకా

మొత్తం, ఆఖరు తేదీ రెండూ లేకుండా పోస్టు బయటికి వదలొద్దు. "మీకు తోచినంత" అని వదిలేసిన పోస్టు ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది. పిల్లకు నయమై బడికి పోతున్నా, పెద్దాయన కాలం చేసి సంవత్సరీకం అయిపోయినా, ఎవరో ఒకరు ఏదో గ్రూపులో మళ్లీ పెడుతుంటారు. ఆ కుటుంబానికి అర్ధరాత్రి ఫోన్లు పోతుంటాయి.

వాట్సాప్‌లో పంపిన మెసేజీని పావుగంట లోపు సరిదిద్దుకోవచ్చు, దాదాపు రెండున్నర రోజుల లోపు అందరికీ కనపడకుండా తీసేయొచ్చు. అది కూడా మీరు పెట్టిన చోట మాత్రమే. ఇంకొకరు ఫార్వర్డ్ చేసింది మీ చేతిలో లేదు. అందుకే తేదీ మెసేజీలోనే కాదు, ఫొటో మీద కూడా పెద్ద అక్షరాలతో వేయాలి. క్యాప్షన్ ఊడిపోయి బొమ్మ ఒక్కటే తిరిగేది మీకు తెలిసిందే కదా. ఇంకా మంచి పద్ధతి, అసలు వివరం ఫేస్‌బుక్‌లో ఒక పోస్టుగా పెట్టి, వాట్సాప్‌లో దాని లింకు ఇవ్వడం. ఫేస్‌బుక్ పోస్టును ఎప్పుడైనా సరిదిద్దొచ్చు. సాయం పూర్తయిన రోజు దాని పై లైనులో "ఆగిపోయింది, ఇక పంపొద్దు" అని రాస్తే, లింకు ఏ మూల తిరుగుతున్నా తెరిచినవాడికి అదే కనపడుతుంది.

నాలుగు: డబ్బు ఎవరి ఖాతాలోకి

గొడవలన్నీ పుట్టేది ఇక్కడే. కుదిరితే ఆసుపత్రి ఖాతాకు, కాకపోతే రోగి ఇంటివాళ్ల ఖాతాకు డబ్బు నేరుగా పోవాలి. అడ్మిన్ ఫోన్‌పే నంబరు ఇవ్వడం అందరికీ తేలిక, అడ్మిన్‌కు తప్ప.

ఎందుకంటే, దగ్గరి బంధువులు కానివాళ్ల నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో ఉత్తగా వచ్చిన డబ్బు మొత్తం 50,000 రూపాయలు దాటితే, అదంతా మీ ఆదాయం కింద లెక్కకొస్తుంది. దాటిన భాగం ఒక్కటే అనుకునేరు, మొత్తానికీ అంతే. జీతగాడైన అడ్మిన్‌కు ఇది నోటీసు దాకా పోగలదు. "నాది కాదు సార్, రోగిది" అని చెప్పుకోవడానికి ప్రతి పైసాకూ కాగితం చూపాలి. ఇంకో భయం కూడా ఉంది. పంపినవాళ్లలో ఎవరి డబ్బన్నా సైబర్ మోసం కేసులో ఉంటే, అది చేరిన ఖాతాను బ్యాంకు ఆపేయొచ్చు. అప్పుడు రోగి డబ్బుతో పాటు మీ ఇంటి అద్దె కూడా అందులోనే ఇరుక్కుంటుంది.

కుటుంబం ఖాతా ఇచ్చేముందు పాస్‌బుక్ ఒకసారి చూడండి. పూర్తి కేవైసీ లేకుండా తెరిచిన స్మాల్ అకౌంట్లు పల్లెల్లో ఇంకా ఉన్నాయి. వాటిలో ఏడాదికి లక్ష రూపాయలకు మించి జమ కాకూడదు, నిల్వ 50,000 దాటకూడదు, నెలకు 10,000 మించి తీసుకోకూడదు. వసూళ్లు జోరుగా వస్తున్న రోజునే ఖాతా మొరాయిస్తుంది, ఆపరేషన్ రేపు పొద్దున. బ్యాంకుకు ఆధార్ తీసుకొనిపోయి కేవైసీ ముందే పూర్తి చేయించండి. ఖాతాకు కట్టిన ఫోన్ నంబరు ఎవరి దగ్గరుందో కూడా కనుక్కోండి. ఆ సిమ్ వలసపోయిన కొడుకు దగ్గర ఉంటే డబ్బు వచ్చిన సంగతి ఇక్కడున్నవాళ్లకు తెలియదు.

కావాల్సింది లక్షల్లో ఉంటే ఊరి గ్రూపు చాలదు. మిలాప్, కెట్టో, ఇంపాక్ట్ గురు లాంటి, ఆన్‌లైన్‌లో విరాళాలు సేకరించే వేదికలున్నాయి. అక్కడ ఆసుపత్రి కాగితాలు అడుగుతారు, లెక్క అందరికీ కనపడుతుంది. ఇచ్చేవాళ్లు ఒకటి గమనించాలి: కొన్నిటిలో విరాళంతో పాటు వేదికకు 'టిప్' ముందే లెక్కగట్టి ఉంటుంది. ఇష్టం లేకపోతే దాన్ని సున్నా చేసుకోవచ్చు.

ఐదు: పోస్టు రాయడం

"దయచేసి మానవత్వం ఉన్నవాళ్లు షేర్ చేయండి, ఒక్క షేర్‌కు ఒక్క రూపాయి వస్తుంది" లాంటివి రాయొద్దు. షేర్ చేస్తే ఎవరూ రూపాయి ఇవ్వరు. అది చదివిన తెలివిగలవాడు మిగతా పోస్టును కూడా నమ్మడు. నమూనాకు ఒకటి రాస్తున్నా, వివరాలు ఊహించినవి:

"జూన్ 12. ఆదోని దగ్గరి పల్లె నుంచి వచ్చిన 38 ఏళ్ల హమాలీ. మార్కెట్ యార్డులో పత్తి బోరెం దించుతూ పడి తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ వైద్య సేవ కింద ఉచితంగా అయ్యింది. మూడు నెలలు పనికి పోలేడు. ఇంట్లో భార్య, ఇద్దరు బడిపిల్లలు. కావాల్సింది: ఇంటి ఖర్చు నెలకు 10,000 చొప్పున మూడు నెలలకు 30,000, ఆసుపత్రికి రానుపోను చార్జీలు 3,000, మందులు 1,800, వాకర్ 1,200, మొత్తం 36,000 రూపాయలు. మన గ్రూపు నుంచి ఇద్దరం 11వ తేదీ వార్డుకు పోయి చూసినాం. డబ్బు ఆయన భార్య ఖాతాకే పోతుంది. స్కాన్ చేస్తే కింద రాసిన పేరే కనపడాలి, వేరే పేరొస్తే వేయొద్దు. 36,000 చేరినా, జూన్ 22 రాత్రి అయినా, ఏది ముందైతే అప్పుడు ఆపేస్తాం. లెక్క 25న ఇక్కడే పెడతాం. ఎక్కువ వస్తే అదీ ఆమెకే, పిల్లల చదువుకు. యాభై రూపాయలైనా పర్వాలేదు."

ఇందులో ఏడుపు ఎక్కడా లేదు. మనిషి, కష్టం, లెక్క, చూసినవాళ్లు, ఆగే తేదీ ఉన్నాయి. "యాభై రూపాయలైనా" అన్న మాట మాత్రం తీసేయొద్దు. వంద రూపాయలు వేయాలంటే సిగ్గుపడి అసలు వేయనివాళ్లు ఎంతమంది ఉంటారో చెప్పలేం. పైన ఎవరో ఐదువేలు వేసిన స్క్రీన్‌షాట్ పెడితే కింద చేతులు ముడుచుకుంటాయి. అందుకే వసూళ్లు నడుస్తుండగా ఎవరెంత ఇచ్చారో పెట్టొద్దు, ఎంత చేరిందో పెడితే చాలు.

ఫొటో సంగతి. ట్యూబులు పెట్టిన ముఖం, తెరిచిన గాయం, ఏడుస్తున్న తల్లి అక్కర్లేదు. కాలికి కట్టు, వాకర్, మందుల చీటీ మీద పేరు మూసి తీసిన ఫొటో సరిపోతుంది. ముఖం వేయాల్సివస్తే రోగినే అడగాలి, మొహమాటంతో తలూపితే ఒప్పుకున్నట్టు కాదు. పిల్లల ముఖాలు వద్దే వద్దు. వాళ్లు రేపు ఇంటర్ కాలేజీలో చేరినప్పుడు ఎవడో ఈ ఫొటో తీసి చూపిస్తాడు. ఆధార్ కార్డు, పాస్‌బుక్ మొత్తం పేజీ గ్రూపులో పెట్టడం కూడా మానాలి. చూసి రావడానికి మనిషిని పంపింది అవి పెట్టకుండా ఉండటానికే.

ఆరు: పంచడం

వాట్సాప్‌లో ఒక మెసేజీని ఒకసారి ఐదు చాట్లకు మించి పంపలేరు. చాలాసార్లు ఫార్వర్డ్ అయ్యిందని రెండు బాణాల గుర్తు పడితే ఒక్కో చాట్‌కే పోతుంది. పైగా ఆ గుర్తు చూడగానే జనం చదవకుండా దాటేస్తారు. కాబట్టి ఫార్వర్డ్ చేయకుండా కాపీ చేసి, పైన మీ సొంత మాట ఒకటి రాసి పంపండి. "మా మేనమామ ఊరివాళ్లే, నేను చూసొచ్చినా" అన్న ఒక్క వాక్యానికి ఉన్న బలం పది దండం బొమ్మలకు లేదు. తెలిసిన ఇరవై మందికి విడిగా రాయడం వల్ల వచ్చేది, వెయ్యి మంది ఉన్న గ్రూపులో పడేయడం వల్ల రాదు. సమయం పొద్దున్నే కంటే రాత్రి భోజనాల తర్వాత మంచిది. నెల మొదటి వారం ఇంకా మంచిది, జీతాలు పడుంటాయి.

డబ్బు కాని సాయాలు

రక్తం కావాలన్న పోస్టు ఆయుష్షు ఒక్క రోజు. రక్తం గ్రూపు, ఎన్ని యూనిట్లు, ఏ ఆసుపత్రి, ఏ రక్తనిధి, ఎప్పటిలోగా, ఫోన్ ఎవరిది అన్నవి రాసి, దొరికిన మరుక్షణం "దొరికింది" అని పెట్టాలి. 18 నుంచి 65 ఏళ్ల లోపు, 45 కిలోలకు పైన, హిమోగ్లోబిన్ 12.5 ఉన్నవాళ్లు ఇవ్వొచ్చు. ఒకసారి ఇచ్చాక మగవాళ్లు 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు ఆగాలి. ఈ పోస్టులను గాల్లోకి వదిలే బదులు గ్రూపులో ఎవరిది ఏ రక్తమో, ఆఖరుసారి ఎప్పుడు ఇచ్చారో ఒక పట్టిక పెట్టుకుంటే పది ఫోన్లలో పని అయిపోతుంది. తలసీమియా పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. వాళ్లకు అర్జంట్ పోస్టులు అక్కరకు రావు, వంతుల పట్టిక కావాలి. ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిల్వ ఉండవు కాబట్టి డెంగీ కాలంలో ముందే తీసి పెడదామంటే కుదరదు, మనుషులు సిద్ధంగా ఉండాలి. రక్తానికి డబ్బు అడిగినవాణ్ని అక్కడికక్కడే గ్రూపులోంచి తీసేయండి, రక్తం అమ్మడం నేరం.

వరదలప్పుడు పద్ధతి వేరు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు చూసినవాళ్లకు, 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు పల్లెల్ని ఊడ్చుకుపోయినప్పుడు రాజంపేట వైపు పోయినవాళ్లకు తెలుసు, మొదటి రెండు రోజులు కావాల్సింది తాగునీళ్లు, వండిన అన్నం, టార్చిలైట్లు. ఐదో రోజుకు కావాల్సింది చీపుర్లు, పారలు, బ్లీచింగ్ పౌడరు, స్టవ్వు, గిన్నెలు. పాత బట్టల మూటలు మాత్రం ఏ రోజూ ఎవరూ అడగరు, అవే లారీలకు లారీలు దిగుతాయి. అక్కడున్న గ్రామ సచివాలయం సిబ్బందినో, ఊరి కుర్రాళ్లనో ఫోన్లో అడిగి, ఆ రోజుకు కావాల్సిన జాబితాను ఆ రోజు తేదీతో పెట్టండి. మర్నాడు అది పాతది.

బడిపిల్లల విషయంలో పుస్తకాల సంచుల మీద పడకండి. సర్కారు బడుల్లో యూనిఫాం, బూట్లు, బ్యాగు, నోటుపుస్తకాలు కిట్టులో ఇస్తున్నారు. కోసిగి, మంత్రాలయం, పెద్దకడుబూరు వైపు కుటుంబాలు సుగ్గికి గుంటూరు మిరప కోతలకు పోయినప్పుడు పిల్లలు బడి మానేస్తారు. వాళ్లకు సంచి కంటే, తల్లిదండ్రులు తిరిగొచ్చేదాకా అవ్వ దగ్గర ఉండటానికి నెలకు ఇంత అని బియ్యం, పప్పు ఇప్పించడం ఎక్కువ పనికొస్తుంది. హెడ్‌మాస్టరును అడిగితే ఎవరికి ఏది కావాలో చెబుతారు.

ఎవరన్నా "పసిబిడ్డను దత్తత ఇస్తాం" అని పెడితే పంచొద్దు, జవాబు కూడా ఇవ్వొద్దు. అట్లాంటి దత్తత చట్టం ఒప్పుకోదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కు చెప్పాలి.

మీరు ఇచ్చేవాళ్లయితే

ఒకే పోస్టరు, ఒకే రోగి, క్యూఆర్ కోడ్ మాత్రం మార్చినది తిరుగుతుంటుంది. స్కాన్ చేశాక తెర మీద వచ్చే పేరు చదవకుండా పిన్ కొట్టొద్దు. ఫొటోను గూగుల్ లెన్స్‌లో వేసి చూస్తే పాత ఊరు, పాత పేరు బయటపడటం మామూలే. "మీకు డబ్బు వాపసు వేస్తాం, పిన్ కొట్టండి" అని ఎవరన్నా అంటే అది మోసం, డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు చేయండి, గంటల లెక్కలో చేస్తేనే డబ్బు ఎక్కడో చోట ఆగుతుంది.

పన్ను మినహాయింపు కోసం ఇచ్చేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది: వ్యక్తికి ఇచ్చిన సాయానికి 80జీ వర్తించదు, ఆ గుర్తింపు ఉన్న సంస్థకు ఇస్తేనే. నగదైతే 2,000 దాటితే లేదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు అసలే లేదు.

కడప జిల్లా వాళ్లకు ఇంకొకటి. కువైట్‌లో పనిచేస్తున్న మనిషి భారత పాస్‌పోర్టుతోనే ఉన్నాడు కాబట్టి, తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపింది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న బావమరిది పంపేది మాత్రం, ఓసీఐ కార్డున్నా సరే, విదేశీ విరాళమే. సేవా కార్యక్రమం నడిపే సంఘం అది తీసుకోవాలంటే విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. లేనప్పుడు ఆ రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకే నేరుగా ఇవ్వమని చెప్పండి. కువైట్‌లోని అన్న ఖాతాకు వేసి అక్కడి నుంచి తిప్పుదామన్న ఉపాయాలు వద్దు.

రంజాన్ నెలలో జకాత్ (ముస్లింలు విధిగా ఇచ్చే దానం) కింద ఇచ్చేవాళ్లుంటారు. ఆ డబ్బు ఎవరికి చెందాలో నియమాలున్నాయి, కాబట్టి ముందే అడిగి లెక్కలో వేరే గడిలో రాసుకోవాలి, వాళ్లు చెప్పిన రకం మనిషికే అందించాలి.

ఏడు: లెక్క చెప్పి మూసేయడం

పెళ్లిలో చదివింపులు రాసే మనిషిని చూసే ఉంటారు. పందిట్లో ఓ మూల నోటుపుస్తకం పట్టుకొని కూర్చుంటాడు. పేరు, ఊరు, మొత్తం. పక్కన ఒకరు డబ్బు లెక్కబెడితే ఇంకొకరు రాస్తారు. రాత్రికి పుస్తకం, సంచీ రెండూ సరిపోవాలి. మన గ్రూపు లెక్క కూడా అంతే. రాసేది ఒకరు, ఖాతా స్టేట్‌మెంటు చూసేది ఇంకొకరు. ఒక గూగుల్ షీటు చాలు: తేదీ, పేరు, మొత్తం, యూపీఐ రిఫరెన్సు ఆఖరు నాలుగు అంకెలు. పేరు వద్దన్నవాళ్లకు "శ్రేయోభిలాషి" అని రాసినా ఆ నాలుగు అంకెలతో తమది తాము పోల్చుకుంటారు.

మధ్యలో ఒక్కసారైనా ఎంత చేరిందో చెప్పాలి, సగం దాటినప్పుడు. మొత్తం చేరిన రోజు, ఆఖరు తేదీ ఇంకా పదిరోజులున్నా సరే, ఆపేయాలి. ఇక్కడే చాలామంది జారిపోతారు. "వస్తున్నాయి కదా, రానీ" అనుకుంటారు. ఆ రోజు ఆపినవాళ్లను జనం తర్వాతిసారి అడక్కుండానే నమ్ముతారు. ఎక్కువొచ్చింది ఏం చేయాలో ముందే రాశాం కాబట్టి తర్జనభర్జనలుండవు. దాన్ని ఇంకో రోగికి మళ్లించాలంటే ఇచ్చినవాళ్లను అడగాలి, అడ్మిన్ ఒక్కడి నిర్ణయం చెల్లదు.

రోగి కోలుకోకుండా పోయిన సందర్భాలు వస్తాయి. అప్పుడు రెండు రోజులు ఆగి, లెక్క తప్పకుండా పెట్టండి. మిగిలిన డబ్బు కుటుంబం దగ్గరే ఉండనీయండి, దినాలకు, అప్పులకు అయిపోతుంది. వెనక్కి అడిగే ఆలోచన ఎవరికన్నా వస్తే విడిగా ఫోన్ చేసి సర్దిచెప్పండి, గ్రూపులో చర్చ పెట్టొద్దు, ఆ ఇంటివాళ్లూ అందులో ఉండొచ్చు.

పైన చెప్పిన హమాలీ పోస్టుకు మూసే మాట ఇట్లా ఉంటుంది:

"జూన్ 20. ఆదోని హమాలీ సాయం ఆపేసినాం. 87 మంది కలిసి 37,350 రూపాయలు ఇచ్చినారు. అడిగింది 36,000, ఎక్కువ వచ్చిన 1,350 పిల్లల చదువుకని ఆమె ఖాతాలోనే ఉంది. వాకర్ కొన్నాం, బిల్లు ఫొటో కింద ఉంది. మందులు, చార్జీలు, ఇంటి ఖర్చు ఆమే చూసుకుంటుంది. నిన్న డిశ్చార్జి చేసినారు, ఆరు వారాల తర్వాత ఎక్స్‌రే ఉంది. స్టేట్‌మెంటు చూసింది ఫలానా ఇద్దరు, షీటు లింకు ఇదిగో. ఇంకెక్కడన్నా ఈ పోస్టు తిరుగుతుంటే దాని కింద ఈ మెసేజీ పెట్టండి. ఆ క్యూఆర్‌కు ఇక ఎవరూ వేయొద్దు."

ఇది పెట్టాక పాత పోస్టరు మీద అడ్డంగా "పూర్తయింది" అని ఎర్ర అక్షరాలతో రాసి, ఆ బొమ్మను కూడా మొదట పంచిన గ్రూపులన్నిటికీ పంపండి. ఏ గ్రూపులకు పంపారో మొదటి రోజే ఒక కాగితం మీద రాసిపెట్టుకుంటే ఈ పని పది నిమిషాల్లో తెములుతుంది.